ముక్కు పట్టు, చెంప కొట్టు

జవాబు తెలియక దెబ్బలు తిన్నవాళ్ళు లోకంలో బోలెడంతమంది. జవాబు తెలిసి నాశనమైపోయినవాణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నన్ను చూడండి. నందిగామలో ఏడో తరగతి చదివే రోజుల్లో, సోమవారం నుంచి శనివారం దాకా నడిచిన ఒకే ఒక్క ఇంగ్లీషు పాఠంలో నేను వెలగబెట్టిన ఘనకార్యం ఇప్పుడు చెప్పబోతున్నా. మీరు హాయిగా నవ్వుకోండి. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు. వచ్చిందల్లా బుగ్గవాపు.

డెబ్భైల చివరి మాట ఇది. మా ఇంగ్లీషు మాష్టారు రోజూ జగ్గయ్యపేట నుంచి బస్సులో వచ్చేవారు కాబట్టి మేమంతా ఆయన్ని పేట మాష్టారు అనేవాళ్ళం. పొద్దున్నే ఆ బస్సు కోసం మేం చూసినంతగా కండక్టరు కూడా చూసి ఉండడు. 'దేవుడా, ఇవాళ ఒక్కరోజు టైరు పేలిపోయేట్టు చెయ్యి' అని కొందరు, 'మాష్టారికి దెబ్బ తగలకుండా పేలేట్టు చెయ్యి' అని మంచివాళ్ళు కొందరు మొక్కుకునేవాళ్ళు. దేవుడు ఇద్దరి మాటా వినేవాడు కాదు. బస్సు ఠంచనుగా వచ్చేది.

అట్లాగని ఆయన రాక్షసుడేమీ కాదండీ. బక్కపల్చటి మనిషి, మెత్తటి గొంతు. పిల్లల మీద చెయ్యి చేసుకోవడం మహాపాపమని నమ్మేవారు. అందుకే మా చేత మమ్మల్నే కొట్టించేవారు.

పద్ధతి చెబుతా వినండి. మాష్టారు ప్రశ్న అడుగుతారు. తెలిసినవాడు చెయ్యెత్తాలి. తెలియనివాళ్ళంతా లేచి నిలబడాలి. జవాబు సరిగ్గా చెప్పినవాడు వరసలో నడుచుకుంటూ వెళ్ళి, నిలబడ్డ ప్రతివాడి ముక్కూ ఎడం చేత్తో గట్టిగా పట్టుకుని, కుడిచేత్తో చెంప వాయించాలి. ముక్కెందుకంటారా? మొహం తిప్పుకోకుండా. మా ఈడువాళ్ళకి ఇదంతా విడమరిచి చెప్పక్కర్లేదు, ఈపాటికి ముక్కు తడుముకుంటూనే ఉంటారు. ఇక స్నేహితుడు కదా అని ఎవడైనా మెల్లగా కొట్టాడో, 'అట్లా కాదు నాయనా, ఇట్లా' అని మాష్టారు ఆ కొట్టినవాడి చెంప మీదే చూపించేవారు. నేర్పడం వేరు, కొట్టడం వేరు అని ఆయన లెక్క. ఆడపిల్లలకి మాత్రం నిలబడటంతో సరిపోయేది.

మా క్లాసులో చెయ్యెత్తేవాడు ఒక్కడే, క్లాసు లీడరు. వాడివి సన్నటి చేతులు. చెంప మీద పడినా ఈగ వాలినట్టుండేది. ఆ వారం లీడరుకి ఆటలమ్మ పోసింది. అంటే ఏమిటన్నమాట? చెయ్యెత్తేవాడు లేడు. ఎవరికీ జవాబు రాకపోతే బెల్లు కొట్టేదాకా అందరం నిలబడి ఉండటమే, కొట్టేవాడంటూ ఉండడు. క్లాసంతా ఆటలమ్మకి మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

ఇక్కడ మీకు కోటిగాణ్ణి పరిచయం చెయ్యాలి. వాడిదీ మా ఊరే, కీసర దగ్గర. ఏడో తరగతి మీద మమకారంతో రెండోసారి చదువుతున్నాడు. నిలబడితే మాష్టారి కంటే పొడుగు. క్లాసులో నా వెనక బెంచీ, వెనక గుమ్మం పక్కన. వాడికో సైకిలుంది, ఆ సైకిలుకో కేరియరుంది, ఆ కేరియరు మీద నేనుంటాను. నా చదువంతా ఆ కేరియరు మీదే ఆధారపడి ఉంది. అది లేకపోతే మైళ్ళకొద్దీ హైదరాబాదు రోడ్డు వెంబడి నడవాలి. మధ్యలో మునేరు వంతెన దాటాలి. వంతెన మీదికి లారీ వస్తే వంతెన వణికేది, వంతెన కంటే ఎక్కువగా నేను వణికేవాణ్ణి. కోటిగాడి నడుం పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని దాటడం తప్ప ఆ వంతెన నేనెప్పుడూ కళ్ళతో చూసింది లేదు.

సోమవారం మాష్టారు పాఠం చదివి వినిపించారు. ఒక రైతు, వాడి ముసలి గుర్రం, సంతకి ప్రయాణం. మంగళవారం అర్థాలు చెప్పారు. బుధవారం ప్రశ్నలు మొదలయ్యాయి.

"గుర్రం ఎక్కడ ఆగిపోయింది?" అని ఇంగ్లీషులో అడిగారు మాష్టారు.

నా బతుకులో మొదటిసారి ఒక ఇంగ్లీషు ప్రశ్నకి నాకు జవాబు తెలిసింది! ఎట్లా తెలియకుండా ఉంటుందండీ? గుర్రం వంతెన దగ్గర భయపడి ఆగిపోయింది. పాపం, నాలాంటి గుర్రమే. మంగళవారం అర్థాలు చెప్పినప్పుడే దాని మీద నాకు బంధుప్రేమ పుట్టుకొచ్చింది. ఆ సంబరంలో ఒళ్ళు మరిచిపోయి చెయ్యెత్తా.

క్లాసంతా గిర్రున నావైపు తిరిగింది.

"నువ్వా?" అన్నారు మాష్టారు.

"నియర్ ది బ్రిడ్జ్, సార్!"

"శభాష్! కానివ్వు మరి."

కానివ్వు అన్నాక గానీ నేనేం చేశానో నాకు తెలిసిరాలేదు. చూద్దును కదా, మగపిల్లలంతా నిలబడి ఉన్నారు. చివర్లో, అందరికంటే పైన, కోటిగాడి తలకాయ.

ముందు బెంచీవాళ్ళని ఎట్లాగో కానిచ్చా. చివరికి కోటిగాడి దగ్గరికొచ్చా. వాడి ముక్కు అందుకోవడానికి మునివేళ్ళ మీద లేవాల్సి వచ్చింది. చెంప మీద చెయ్యి ఆనించా. ఆనించానంతే, దేవుడి పటానికి కుంకుమ పెట్టినట్టు.

"అట్లా కాదు నాయనా," అన్నారు మాష్టారు దగ్గరికొచ్చి, "ఇట్లా."

నా చెవిలో బడిగంట మోగింది. ఆ మోతలో, ఆ భయంలో, కళ్ళు మూసుకుని కోటిగాడి చెంప ఛెళ్ళుమనిపించా. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి వాడు నావంకే చూస్తున్నాడు. తిట్టినా బాగుండేది. తిట్టలేదు.

సాయంత్రం సైకిలు దగ్గరికి పరిగెత్తా. కేరియరు మీద కోటిగాడి పుస్తకాల సంచి కూర్చుని ఉంది.

"సంచి నేను పట్టుకుంటాలేరా," అన్నా.

"వద్దులే. దాని పాటికి దాన్ని కూచోనీ," అని తొక్కుకుంటూ పోయాడు.

ఆ రోజు మునేరు వంతెన మొదటిసారి కళ్ళు తెరిచి దాటాను. ఎదురుగా గడ్డిలారీ ఒకటి వచ్చింది. నేను పిట్టగోడని కావలించుకుని, తెలిసిన దేవుళ్ళందరినీ తలుచుకుని, వాళ్ళు చాలక చర్చి పాస్టరు గారు చెప్పే దేవుణ్ణి కూడా పిలిచా. ఎవరో ఒకరు పలికారు కాబట్టే ఇవాళ మీకీ కథ చెబుతున్నా.

గురువారం కూడా సంచే కూర్చుంది. మధ్యాహ్నం అన్నాల దగ్గర కోటిగాణ్ణి బతిమాలుకున్నా.

"ఒరే, మాష్టారు కొట్టమంటేనే గదరా కొట్టా!"

"చెయ్యెత్తమని కూడా ఆయనే చెప్పాడా?"

చూశారా, అసలు తెలియాల్సినప్పుడు జవాబు తెలియదు.

"సరే, ఒక పని చెయ్," అన్నాడు కోటిగాడు చెయ్యి కడుక్కుంటూ. "రేపు నీకు జవాబు తెలిస్తే నాకు చెప్పు. నేను చెయ్యెత్తుతా."

"అప్పుడు నువ్వు నన్ను కొట్టాల గదరా?"

"మెల్లగా కొడతాలేరా. నీ కేరియరు నీకిచ్చేస్తా."

కేరియరు అనే మాట వినగానే నాకు ఇంకేం వినపడలేదు. ఒప్పేసుకున్నా. శుక్రవారం ప్రశ్నకి జవాబు వెనక్కి తిరిగి గొణిగా. కోటిగాడు చెయ్యెత్తాడు. మాష్టారు నమ్మలేక కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. వరసలో నా వంతు వచ్చింది. కోటిగాడు మాట తప్పేవాడు కాదండీ, నిజంగానే మెల్లగా కొట్టాడు.

"అట్లా కాదు నాయనా, ఇట్లా," అన్నారు మాష్టారు.

ఆయన చేతి దెబ్బ తిన్న కోటిగాడు, ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక, ఎదురుగా ఉన్న నా మీద చూపించాడు. మిరపకాయ బస్తాలు ఎత్తే చెయ్యి అది. కాసేపు నాకు క్లాసులో ఇద్దరు మాష్టార్లు కనిపించారు.

కేరియరు మాత్రం దొరికింది. దారంతా కోటిగాడు "నొప్పిగా ఉందిరా?" అని అడుగుతూనే ఉన్నాడు. వాపెక్కిన బుగ్గతో నేను ఏం చెప్పినా వాడికి అర్థం కాలేదు.

ఇంటికెళ్ళేసరికి మా నాన్న అరుగు మీద తాడు పేనుతున్నాడు. తలెత్తి చూశాడు.

"ఆ బుగ్గేందిరా?"

"బల్ల తగిలింది నాన్నా."

"బల్లకి వేళ్ళుంటయ్యా?"

నేను లోపలికి జారుకున్నా. నాన్న ఇంకేం అడగలేదు. మా నాన్న ఏమీ అడగలేదంటే ఏదో చెయ్యబోతున్నాడని అర్థం. పేట మాష్టారితో గొడవ పెట్టుకుంటాడేమో, నన్ను బడి మాన్పించి పొలానికి తోలుకెళ్తాడేమో అని ఆ రాత్రంతా బిక్కుబిక్కుమంటూ పడుకున్నా.

శనివారం వచ్చింది. మాష్టారు లోపలికి వస్తూనే కొత్త చట్టం ప్రకటించారు.

"ఇవాళ ఎవరూ చెయ్యెత్తకపోతే ఊరుకునేది లేదు. జతలు జతలుగా నిలబడి ఒకళ్ళనొకళ్ళు వాయించుకోండి. ముందు బెంచీ వాడికి వెనక బెంచీ వాడు జత."

నా వెనక బెంచీ ఎవరిదో మీకు తెలుసు. నా బుగ్గకి కూడా తెలుసు. అది అప్పుడే సలపడం మొదలెట్టింది.

"రైతు గుర్రాన్ని ఎందుకు అమ్మాడు?" అని అడిగారు మాష్టారు.

"చెప్పరా, చెప్పరా," అని కోటిగాడు వెనక నుంచి పొడుస్తున్నాడు. చెబితే వాడి చేత దెబ్బ. చెప్పకపోతే జతకట్టి దెబ్బ. నేనే చెయ్యెత్తితే కేరియరు పోతుంది. కేరియరా, బుగ్గా? ఆ క్షణంలో నా బుగ్గే గెలిచింది. చెయ్యి దానంతటదే లేచింది.

"బికాజ్ ఇట్ వజ్ ఓల్డ్, సార్!"

"శభాష్! కానివ్వు."

ఈసారి కోటిగాడి కళ్ళు చూసే ధైర్యం నాకు లేదు. అందుకని మొదటి బెంచీ నుంచే కళ్ళు గట్టిగా మూసుకున్నా, వంతెన మీద మూసుకున్నట్టే. తడుముకుంటూ వెళ్ళడం, ముక్కు దొరకబుచ్చుకోవడం, ఒకటి ఇవ్వడం, ముందుకు జరగడం. మెల్లగా కొడితే మాష్టారి పాఠం మళ్ళీ వినాలి కాబట్టి ఎవర్నీ తక్కువ చెయ్యలేదు.

నేనిట్లా గుడ్డిగా వస్తుండగా వెనక గుమ్మం దగ్గర ఏం జరిగిందో తర్వాత అందరూ చెప్పగా తెలిసింది. మా నాన్న వచ్చాడు. బడి అంటే ఆయనకి గుడి కంటే ఎక్కువ భయం. చెప్పులు గుమ్మం బయటే విడిచి, చప్పుడు చెయ్యకుండా లోపలికొచ్చి, అందరూ నిలబడి ఉంటే తనూ చేతులు కట్టుకుని చివర్లో నిలబడ్డాడు. అప్పుడు మాష్టారు పుస్తకంలో తల పెట్టి తర్వాతి ప్రశ్న వెతుక్కుంటున్నారు. ఆయన్ని చూడగానే కోటిగాడికి శుక్రవారం దెబ్బ గుర్తొచ్చి, తన కోసమే వచ్చాడనుకుని, గబుక్కున బల్ల కిందికి దూరాడు.

నేను చివరి వాడి దగ్గరికొచ్చా. మునివేళ్ళ మీద లేచా. ఎడం చేత్తో ముక్కు పట్టుకున్నా. వేళ్ళ కింద ఏదో గరుగ్గా తగిలింది.

మీసం.

కోటిగాడికి మీసం ఎప్పుడొచ్చింది? ఈ అనుమానం నా బుర్రలోకి వచ్చింది నిజమే. కానీ కుడిచెయ్యి దానికంటే ముందే బయల్దేరింది. ఛెళ్ళుమంది.

కళ్ళు తెరిచా. ఆ ముక్కు ఇంకా నా చేతిలోనే ఉంది. ఆ ముక్కు వెనక మా నాన్న ఉన్నాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ముక్కు వదిలెయ్యాలని కూడా తోచలేదు. నాన్నే నా చెయ్యి మెల్లగా తీసి పక్కన పెట్టాడు.

"ఎవరండీ మీరు?" అన్నారు మాష్టారు.

"ఈడి నాన్ననండి."

"అయ్యో! అయ్యో! ఒరే, కన్నతండ్రినిరా నువ్వు..."

"పర్లేదులెండి," అన్నాడు నాన్న చెంప రుద్దుకుంటూ. "మీరడిగింది నాకూ తెలవదు గదా."

మాష్టారు కుర్చీలో కూలబడ్డారు. "ఇంతకీ మీరు వచ్చిన పనేమిటండీ?"

"మావాడి బుగ్గ ఎట్టా వాచిందో కనుక్కుందామని వచ్చానండి. తెలిసిపోయింది. వస్తానండి."

చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మాష్టారు ఆ రోజు ఇంకో ప్రశ్న అడగలేదు. ఆ తర్వాత కూడా మా చేత ఎవరినీ కొట్టించలేదు, ఒంటికాలి మీద నిలబెట్టేవారంతే.

బడి అయ్యాక గేటు దగ్గర నాన్న అద్దె సైకిలొకటి పట్టుకుని నిలబడి ఉన్నాడు. చచ్చానురా దేవుడా అనుకుంటూ ఎక్కా. వంతెన మీదికి రాగానే అడిగాడు.

"ఇంతకీ మీ మాష్టారు అడిగిందేందిరా?"

"రైతు గుర్రాన్ని ఎందుకమ్మాడూ అని. ముసలిదైపోయిందని అమ్మాడు నాన్నా."

"ముసలిదైతే కొన్నోడెవడు?"

"అది పాఠంలో లేదు నాన్నా."

"మరి నన్నెందుకు కొట్టావురా, సగం పాఠానికి?" అన్నాడు. నాన్న వీపు కదులుతోంది. ఏడుస్తున్నాడేమోనని హడలిపోయి తొంగిచూశా. నవ్వుతున్నాడు! లారీ పక్కనుంచి దూసుకుపోతున్నా ఆపుకోలేకుండా నవ్వుతున్నాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

సోమవారం పొద్దున మా ఇంటి ముందు సైకిలు బెల్లు మోగింది. కోటిగాడు. కేరియరు తుడిచి, మెత్తగా ఉండటానికి గోనెసంచి మడతపెట్టి వేసుకొచ్చాడు.

"కోపం లేదురా?" అన్నా భయంభయంగా.

"నీతో కోపమా?" అన్నాడు వాడు నాకంటే భయంగా. "సొంత నాన్ననే వదల్లేదు, నన్నొదుల్తావురా నువ్వు? ఎక్కు బాబూ, ఎక్కు."

ఆ రోజే సైకిలు మీద కూర్చుని, మునేటి సాక్షిగా, ఘోరమైన ప్రతిజ్ఞ చేశా. ఈ జన్మలో ఇంగ్లీషు ప్రశ్నకి సరైన జవాబు మళ్ళీ చెప్పను, చెప్పను, చెప్పనుగాక చెప్పను. ఆ మాట ఎంత నిష్ఠగా నిలబెట్టుకున్నానో, ఏడాది చివర నా పేపరు దిద్దిన పేట మాష్టారిని అడగండి.