చిన్నమ్మకు పడ్డ పిరికి పేరు

ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, నా చిన్నప్పుడు కొత్తగా పెళ్లయిన జంటను ఊరికే అలా ఒంటరిగా తిరగనిచ్చేవారు కాదు. వెంట ఎవరో ఒక పిల్లనో పిలగాణ్నో తోడు పంపేవారు. మా చిన్నబాపు, అంటే మా బాబాయి, పెళ్లయిన ఏడాది ఆ తోడు నేనే. నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఎవరూ అడగకపోయినా సలహాలు చెప్పే నోరు నాది, అది ఇప్పటికీ మారలేదనుకోండి.

మేం ఉండేది నిజామాబాద్ టౌన్‌లో. చిన్నబాపుకు ఆఫీసు పని, ఆదివారం ఒక్కటే సెలవు. ఆ చలికాలమంతా ఆదివారం వస్తే చాలు, కొత్త జంటను భోజనానికి పిలిచేవాళ్లు. ఒక వారం ఇందల్వాయి, ఒక వారం బోధన్. మధ్యలో ఒకసారి నిజాంసాగర్ చూడ్డానికి కూడా పోయాం. స్కూటర్ మీద ముందు నిలబడి, చెవులకు మఫ్లర్ చుట్టుకుని, చలిగాలికి కళ్లలో నీళ్లు కారుతుంటే నాకు నేనే మహారాణిలా ఉండేదాన్ని. మా నాయనమ్మ వాడకట్టంతా వినేటట్టు "మా పిల్ల దేనికీ బెదరది" అని చెప్పుకునేది. పక్కనే మా అన్న, నేను ఎప్పుడు బెదురుతానా, ఆ చోటు తనకెప్పుడు దొరుకుతుందా అని కాచుకుని కూర్చునేవాడు. కాబట్టి భయమనే మాట నా నోట్లోంచి రాకూడదు. వచ్చిందా, నా ఆదివారాలు పోయినట్టే.

ఒక వారం వర్నిలో, కొత్త కోడలు మా చిన్నమ్మకు మేనమామ అయ్యే ఆయన ఇంటికి పిలుపు. పొద్దున్నే బయలుదేరాం. మోస్రా దగ్గరికి వచ్చేసరికి మంచు దిగింది. దిగడమంటే ఏదో పల్చగా కాదు, స్కూటర్ ముందు చక్రం కూడా కనపడనంతగా. చలికి వణుకుతానని చిన్నమ్మ నన్ను ముందునుంచి తీసి తమ ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుంది, తన శాలువా నా చుట్టూ చుట్టి ఒక చెయ్యి నా ఛాతీ మీద వేసి పట్టుకుంది.

చిన్నబాపుది మొండితనం. ఆగితే అత్తగారి తరఫు వాళ్ల ముందు చిన్నతనమని ఆయన లెక్క. రోడ్డు కనపడకపోతే ఏం, రోడ్డు మీద రాలిన చెరకు ఆకు కనపడుతోంది కదా! రాత్రంతా చెరకు బండ్లు పోతూనే ఉంటాయి, ఆకు రాలుతూనే ఉంటుంది. "ఆకు పట్టుకోని పోతే సీదా పోతం. బండ్లు పోయేది రోడ్డు మీదనే గద" అన్నాడు. ఆ తెలివి చూసి నేను కూడా ఓహో అనుకున్నాను. తల వంచి నేల మీది ఆకు చూసుకుంటూ మెల్లగా నడిపాడు.

కాసేపటికి స్కూటర్ కుదుపులు ఎక్కువయ్యాయి. కింద డాంబరు లేదు, మట్టి. ఎక్కడో దగ్గర్లోనే నీళ్లు పారుతున్న చప్పుడు. చుట్టూ తెలుపే, ఆ తెలుపులో నీళ్ల చప్పుడు ఎటువైపుందో తెలియదు. గుండె దడదడా కొట్టుకుంటోంది. పళ్లు కరుచుకుని కూర్చున్నాను. అరవాలని ఉంది, కానీ మా అన్న మొహం కళ్ల ముందు ఆడింది.

అప్పుడు చిన్నమ్మ అన్నది. "ఆపుండ్రి. నాకు భయమైతుంది. నేను దిగుత."

పెళ్లయిన మూడు నెలల్లో ఆమె మా చిన్నబాపుకు ఎదురు చెప్పగా నేను వినలేదు. ఆయన కూడా వినలేదేమో, "ఊకో, గింత దానికే భయమా" అని కసురుకున్నాడు. ఆమె వినలేదు. కదులుతున్న స్కూటర్ మీదినుంచే కాళ్లు కిందికి చాపింది. చచ్చినట్టు ఆపాల్సి వచ్చింది.

ఆపి చూస్తే ఏముంది! మేమున్నది రోడ్డు మీద కాదు, కెనాల్ కట్ట మీద. బండ్లవాళ్లు బోధన్ ఫ్యాక్టరీకి ఆ కట్ట మీదుగా అడ్డతోవన పోతారట. ఆకు మమ్మల్ని అక్కడికి తెచ్చింది. మూర తేడాలో కెనాల్, నిండుగా పారుతోంది. ఇంకోవైపు పొలంలోకి దిగుడు, ఎంత లోతో కనపడదు. ఇంజను ఆగిపోయింది, ఎంత తన్నినా అందుకోలేదు. చిన్నబాపు స్కూటర్ వెనక్కి తిప్పుదామని చూస్తుంటే వెనకాలనుంచి మువ్వల చప్పుడు వినపడింది.

చెరకు బండి. బండివాళ్లు అలాంటప్పుడు చెరకు మీద గొంగడి కప్పుకుని పడుకుంటారు, ఎడ్లకు తోవ తెలుసు కాబట్టి అవే పోతాయి. ఆ సంగతి మాకూ తెలుసు. అందుకే మా పై ప్రాణాలు పైనే పోయాయి. చిన్నబాపు అరిచాడు. చిన్నమ్మ అరిచింది. మువ్వలు ఆగలేదు. నేనూ నోరు తెరిచాను, గాలి తప్ప ఏమీ రాలేదు.

చిన్నమ్మ వంగి నా చెవిలో చెప్పింది. "భయమైతుందని ఒక్కపారి చెప్పు బిడ్డా. నాకే చెప్పు. చెప్తె గొంతు తెరుసుకుంటది."

"నాకు భయమైతుంది చిన్నమ్మా" అన్నాను, ఆమెకొక్కతెకే వినపడేటట్టు. ఆ మాట అలా బయటికి వచ్చిందో లేదో, దాని వెనకే అరుపు వచ్చింది. నా జన్మలో మళ్లీ అంత అరుపు అరవలేదు. మంచులోంచి రెండు కొమ్ములు కనపడ్డాయి, ఆ తర్వాత ఎద్దు మొహం. పైనుంచి ఎవరో "హో! హో!" అని పగ్గాలు గుంజారు. ఎద్దు ఊపిరి నా మొహానికి వెచ్చగా తగిలింది.

బండాయన దిగి మమ్మల్ని చూసి తల కొట్టుకున్నాడు. "కట్ట మీదికి ఎవలు రమ్మన్నరయ్యా మిమ్మల్ని? ఆడపిల్ల కేక ఇనపడకపోతే ఎడ్లు ఆగకపోతుండె" అని తిట్టి, తానే ఒక చెయ్యి వేసి స్కూటర్‌ను పక్కకు తీయించాడు. మంచు విడిచేదాకా అక్కడే నిలబడ్డాం. నా కాళ్లు వణుకుతూనే ఉన్నాయి. చిన్నమ్మ శాలువా ఇంకా దగ్గరగా చుట్టి, ఎవరైనా చూస్తే చలికి అనుకునేటట్టు నా చేతులు రుద్దుతూ ఉండిపోయింది.

వర్నిలో కోడికూర గారెలతో భోజనం పెట్టారు. చిన్నబాపు గారె కొరుకుతూ కథ మొదలుపెట్టాడు. "మీ బిడ్డ ఉత్త పిరికిది. మంచు జూసి స్కూటర్ మీదికెల్లి దుంకబోయింది" అన్నాడు. అందరూ నవ్వారు. చిన్నమ్మ కూడా నవ్వి నా విస్తట్లో ఇంకో గారె వేసింది. నేను తల వంచుకుని తిన్నాను. నేను కూడా భయపడ్డానని ఒక్క మాట అంటే ఏం పోయేది? వచ్చే ఆదివారం పోయేది. సిగ్గులేని దాన్ని, నోరు మూసుకున్నాను. ఆ పేరు చిన్నమ్మకు అలాగే అంటుకుపోయింది. ఏ పెళ్లిలో కలిసినా, ఏ ప్రయాణం మాట వచ్చినా మా ఇంట్లో ఆమె పిరికి కోడలే.

నలభై ఏళ్లు దాటాక, మా అన్న కూతురి పెళ్లి పనుల్లో మళ్లీ ఆ కథే మొదలైతే నాకిక పట్టలేదు. అందరి ముందూ చెప్పేశాను, ఆ రోజు వణికింది నేనని, నా ఛాతీ మీద చెయ్యి వేసి ఉన్న చిన్నమ్మకు అది తెలిసే ఆ భయాన్ని తన మీద వేసుకుందని. చిన్నబాపు తల గోక్కుని అన్నాడు. "నా చేతులు గూడ హ్యాండిల్ మీద నిలువలేదు. గది చెప్పనీకి నోరు రాలె."

చిన్నమ్మ పసుపు కొమ్ములు దంచుతూ తలెత్తకుండానే అన్నది. "నాకు భయం తక్కువ అయ్యిందనుకున్నరా? పెద్దోళ్లం, ముందుగాల మనమే చెప్పాలె. పిల్ల ఎట్ల చెప్తది?"

నిరుడు నన్ను ఆపరేషన్‌కు తీసుకుపోతుంటే నా పిల్లలిద్దరూ వరుసపెట్టి "ఏం కాదమ్మా, ఏం కాదు" అంటూనే ఉన్నారు. నేనూ ఏం కాదని అనేయవచ్చు. నా కొడుకు మొహం చూశాను. "నాకు భయమైతుంది బిడ్డా" అన్నాను. అప్పటిదాకా బండలా నిలబడ్డ నా కొడుకు, ముప్పై దాటిన మనిషి, నా మంచం పట్టీ పట్టుకుని "నాకు గూడ అమ్మా" అని ఏడ్చాడు.