బ్రేకు ఆయిలూ, డ్రైవరు దగ్గూ

మొన్న మా మనవరాలి కారుకు బ్రేకు ఆయిలు మార్చాలంటే చోడవరంలో షెడ్డుకు నేనూ వెంట వెళ్ళాను. మెకానిక్కు ఏదో యంత్రం తగిలించి, ఎవరి సాయమూ అడక్కుండా ఒక్కడే పని ముగించాడు. పెడలు తొక్కే మనిషితో పనిలేని ఆ ఖాళీ సీటును చూస్తుంటే, మా నాన్నగారు అలాంటి సీట్లో కూర్చున్న ఒక మధ్యాహ్నం గుర్తుకు వచ్చింది.

మాది ఏ ఎస్టేటో చెప్పను. ఆ కాలంవారికి చెప్పనక్కరలేదు. యాభైలలో జమీందారీ ఎస్టేట్లు పోయాక మాకు మిగిలినవి ఒక పాత కారు, దాని డ్రైవరు. చివరికి ఆ కారునూ వడ్డాది బెల్లం వర్తకుడొకరికి అమ్మేయవలసివచ్చింది. మర్నాడు ఉదయం ఆయన వస్తాడనగా, బ్రేకు తొక్కితే పెడలు మెత్తగా దిగిపోతోందని డ్రైవరు చెప్పాడు. కొన్నవాళ్ళే చూసుకుంటారులెమ్మంది అమ్మ. మన గుమ్మం దాటాక అది ఎవరినైనా గుద్దితే అప్పుడూ జనం దాన్ని మన కారనే అంటారని చెప్పి, నాన్నగారు విశాఖపట్నానికి మనిషిని పంపి ఆయిలు తెప్పించారు. ఒక్క డబ్బాయే దొరికింది.

డ్రైవరు కారు కింద పడుకుని చక్రం దగ్గరి మర విప్పితే పాత ఆయిలు దిగుతుంది. మళ్ళీ మర బిగించేదాకా పైన ఒకరు పెడలు తొక్కి పట్టాలి, ముందే వదిలితే లోపలికి గాలి పోతుంది. ఇరవయ్యేళ్ళవాణ్ణి నేను కొత్త ఆయిలు పోస్తున్నాను గనుక పెడలు దగ్గర నాన్నగారే కూర్చున్నారు. చిక్కంతా అక్కడే వచ్చింది. మా ఇంట్లో నౌకర్లెవరూ నాన్నగారితో ఇది చేయండని అనరు. ఏదైనా విన్నవించుకోవాలంటే గుమ్మం అవతల నిలబడి ఒకసారి దగ్గుతారు. పాతికేళ్ళుగా అదే అలవాటైన డ్రైవరు కారు కింద నుంచి కూడా దగ్గాడు. ఒక దగ్గుకు నాన్నగారు తొక్కారు, ఇంకో దగ్గుకు వదిలారు. బెల్లం తెట్టులాంటి నల్లటి ఆయిలు సీసాలోకి దిగుతుంటే అంతా సవ్యంగానే ఉందనుకున్నాం. కానీ కింద దుమ్ము; పాపం, అతనికి నిజంగానే దగ్గు వచ్చింది. మర బిగించకుండానే నాన్నగారు కాలు తీసేశారు. అలా రెండుసార్లు జరిగేసరికి పెడలు మునుపటికంటే మెత్తబడింది, డబ్బాలో ఆయిలు సగానికి వచ్చింది.

నాన్నగారు స్టీరింగు పట్టుకుని, తల వంచకుండానే అన్నారు.

"ఒరే, దగ్గకు. నోటితో చెప్పు. నువ్వెలా చెప్తే అలా చేస్తాను."

"నా నోట రాదు బాబూ," అన్నాడు డ్రైవరు కింద నుంచి.

"బ్రేకు పడాలా, వద్దా?"

కింద నుంచి వినపడీ వినపడనట్టు, "తొక్కండి బాబూ... ఉంచండి, ఇడవకండి... ఇప్పుడు ఇడిసీండి."

నాలుగో చక్రానికి వచ్చేసరికి ఆ గొంతులో బెదురు పోయింది. ఒకసారి బాబూ అనడం కూడా మరిచిపోయాడు. నాన్నగారు అది గమనించనట్టే తొక్కారు. సాయంత్రం బుచ్చయ్యపేట రోడ్డు మీద బ్రేకు గట్టిగా పట్టింది.

మర్నాడు వర్తకుడు కారుతోపాటు డ్రైవరునూ తన దగ్గరే పెట్టుకుంటానని తీసుకువెళ్ళాడు. గేటు దగ్గర కారు ఆపి, డ్రైవరు ఒకసారి దగ్గాడు. సెలవు అడుగుతున్నాడని మా అందరికీ తెలుసు. నాన్నగారు తల ఊపాకే కారు కదిలింది.

షెడ్డులో మెకానిక్కు నన్ను కాస్త పక్కకు జరగమన్నాడు, జరిగాను. అందులో తప్పేమీ లేదు. నోటితో చెప్పడమే మంచిదని మా నాన్నగారే ఆనాడు ఒప్పుకున్నారు. మనవరాలు నన్ను ఎక్కించుకుని, వేగంగా రోడ్డెక్కింది. నా తల ఊపు కోసం గేటు దగ్గర ఆగే కారు ఇప్పుడేదీ లేదు.