అంచు తుడిచిందెవరు

ముప్పై ఏళ్ల కిందట, నార్కట్‌పల్లి బస్టాండులో నా బామ్మర్దిని కింద పడేసి, ఛాతీ మీద మోకాలు పెట్టి కొట్టాను. మేమిద్దరం చేసిన అల్మారా తలుపుకు అంచుకు అతికించిన పట్టీ ఊడిందని షావుకారు ఆ పొద్దున్నే వాపసు ఇస్తే, ఆ తలుపు మోసుకుని ఇంటికి బయల్దేరాం.

"జిగురుల నీళ్లు కలిపినవ్ గదరా," అంటూ మూతి మీద గుద్దాను. ముందు పన్ను ఊడి, నెత్తురు నా చొక్కా మీద పడింది.

బస్సు కోసం కూర్చున్న ఒక ముసలి సాయిబు మమ్మల్ని విడదీయలేదు. తలుపుకు వేలాడుతున్న పట్టీని తిప్పి, వెనకవైపు బొటనవేలితో గీరి, ఆ వేలు నా ముఖం ముందు పెట్టాడు. వేలి నిండా రంపపు పొట్టు.

"జిగురు మంచిగనే పట్టింది బేటా. పొట్టును పట్టింది. అంచు తుడిచిందెవరు?"

తుడవాల్సింది నేను.

ఇప్పుడు ప్రతి అంచునూ రెండుసార్లు తుడుస్తాను. బామ్మర్ది పక్కనే నిలబడి పట్టీ అందిస్తాడు. నవ్వొస్తే మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు.