పెట్టెలోకెక్కిన ఉరుము

డోన్‌లో పెళ్లిళ్లకూ జాతరలకూ కీబోర్డు వాయించే పరమేష్‌కు కంప్యూటర్‌లో కొత్త చప్పుళ్లు తయారు చేయడమంటే పిచ్చి. ఒక వేసవిలో జాతరల్లో ఉరుమనే జానపద డోలు వాయించే పక్క ఊరి చిన్న ఈరన్నను తన గదికి పిలిపించి, మైకు ముందర కూర్చోబెట్టాడు. ఈరన్న ఒక పక్క వంకర పుల్లతో తోలును రుద్దుతూ, రెండో పక్క దెబ్బ వేస్తుంటే గోడలు అదిరాయి.

"నా చేతులు నీ పెట్టెలో దాచుకుంటాండావేమప్పా?" అని నవ్వాడు ఈరన్న.

"రేపటి పిల్లోళ్లకు గూడా ఇనపడాల గదా మామా," అన్నాడు పరమేష్. ఆ రోజు ఆ మాట మనసారానే అన్నాడు.

ఆ చప్పుళ్లను కోసి, శుభ్రం చేసి, కరెంటు ప్యాడ్‌లోకి ఎక్కించాడు. వేలితో తాకితే చాలు, ఉరుము గర్జించేది. మురిసిపోయి తోటి వాద్యగాళ్లందరికీ ఫోన్లో పంపాడు.

మరుసటి ఏడు ఈరన్న ఊరి జాతరకు పెద్దమనిషి శేషన్న పరమేష్‌ను ఒక్కడినే పిలిచాడు. "ఉరుము నీ పెట్టెలోనే ఉండాది గదా, మళ్లా ఆ మేళమెందుకు?" అన్నాడు. పరమేష్ సరేనని ఒప్పుకున్నాడు. జాతరలో ప్యాడ్ తాకగానే ఆడవాళ్లకు పూనకాలు వచ్చాయి. గుంపులో ఈరన్న వట్టి చేతులతో నిలబడి, లయకు తలాడిస్తున్నాడు. పరమేష్ మళ్లీ అటు చూడలేకపోయాడు.

మేళానికి పిలిచేవాళ్లు లేక ఈరన్న ఓర్వకల్లు దగ్గర గోదాము కాపలాకు కుదిరాడని తెలిసి, పరమేష్ బండేసుకుని పోయాడు.

"నీ కడుపు కొట్టినా మామా."

"నువ్వేం దొంగతనం చేయలేదు, నేనే ఇస్తి. ఎండన పడి వచ్చినావు, నీళ్లు తాగు."

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది పరమేష్‌కు.

పై ఏడు జాతరకు పిలిచిన శేషన్నతో పరమేష్, "ఈరన్న మామ వస్తేనే నేనొస్తా," అని తేల్చి చెప్పాడు. శేషన్న బతిమాలలేదు. కమలాపురం నుంచి ఇంకొకరిని పిలిపించుకున్నాడు. జాతర నాడు ఊరి బయట బండి ఆపి విన్నాడు పరమేష్. మైకుల్లో మోగుతున్నది ఈరన్న ఉరుమే, తాను అందరికీ పంచిందే. ఆ చప్పుడు తీసేయమని ఒక్కొక్కరికీ ఫోన్ చేశాడు. సరేనన్నారు గానీ ఎవరూ తీయలేదు.

ఇప్పుడు వీలు చిక్కినప్పుడల్లా ఓర్వకల్లు పోయి ఈరన్న దగ్గర ఉరుము నేర్చుకుంటున్నాడు. అతని చేతిలో అది కీచుమంటుంది.

"నిదానంగా రానీ, తొందరేముండాది?" అంటాడు ఈరన్న.

పరమేష్ తల వంచుకుని మళ్లీ మొదలుపెడతాడు.