ఒట్టి కాళ్ళకే కొట్టిన షాకు

నాది నందిగామ. జగ్గయ్యపేటకి కాపురానికి వచ్చేనాటికి మా అత్తవారింటి పంచలోనే కొలిమి ఉండేది. దానికీ వంటింటికీ మధ్య ఒక్క మట్టిగోడ అడ్డం. ఆ కొలిమికి గాలి కొట్టేది మా అత్తగారు. పొద్దున్నే తోలు తిత్తి తాడు పట్టుకుందంటే చుట్టుపక్కల ఊళ్ళ నాగలి కర్రులన్నీ ఆవిడ గాలికే ఎర్రబడేవి. మంట ఎంత కావాలో మామగారు నోరు తెరిచి చెప్పక్కర్లేదు. ఆయన ముఖం చూసి తాడు లాగేది. ఊరంతా మామగారి సుత్తి దెబ్బని మెచ్చుకునేవాళ్ళు గానీ, ఆ తాడు లాగిన చేతిని మెచ్చుకున్న మనిషి నాకు ఒక్కడూ కనపడలేదు.

అరవైల మొదట్లో మా వీధికి కరెంటు వచ్చింది. మామగారికి కొత్త వస్తువంటే మహా సరదా. బెజవాడ వెళ్ళి కొలిమికి గాలి ఊదే ఫ్యాను తెచ్చారు. నత్తగుల్లలా చుట్టు తిరిగిన రేకు డబ్బా, దాని వెనక చిన్న మోటారు. తిత్తి ఉన్నచోటే, నీళ్ళ తొట్టి పక్కన దాన్ని బిగించారు. గాలి ఎక్కువా తక్కువా చెయ్యడానికి డబ్బా మీద ఒక ఇనప రేకు ఉండేది. దాన్ని పైకీ కిందకీ జరపడం ఇక అత్తగారి పని. ఆవిడ వంటలో ఉంటే నాది.

మొదట్లో బ్రహ్మాండంగా ఉంది. అత్తగారి భుజం నొప్పి కూడా తగ్గింది. కొన్నాళ్ళకి ఒకరోజు ఆవిడ రేకు మీద చెయ్యి వేసి, "అమ్మో" అని వెనక్కి తూలింది. చెయ్యి మోచేతి దాకా ఝల్లుమందట. మామగారు వచ్చి డబ్బా మీద అరచెయ్యి ఆనించి చూశారు. మా ఆయనా చూశాడు. ఇద్దరికీ ఏమీ లేదు.

"నీ భయమే నిన్ను కొడుతోంది," అన్నారు మామగారు.

మర్నాడు నన్నూ కొట్టింది. మా ఆయన నవ్వాడు. అత్తని చూసి కోడలు నేర్చుకుందన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పడ్డ దెబ్బ నాదైతే, పడలేదని చెప్పడానికి మధ్యలో ఈయనెవరు?

మేం పట్టుబడితే వైరుమేన్‌ని పిలిపించారు. అతను బూట్లు టకటకలాడించుకుంటూ వచ్చాడు. సంచీలోంచి హోల్డరూ బల్బూ తీశాడు. హోల్డరుకి రెండు తీగలు వేలాడుతున్నాయి. వాటిని స్విచ్చి బోర్డు దగ్గర పెట్టాడు, బల్బు వెలిగింది. కరెంటు సక్రమంగా వస్తోందన్నాడు. తిరుగుతున్న ఫ్యాను మీద చెయ్యి వేశాడు. "ఏం లేదండి. ఆడవాళ్ళకి కరెంటంటే అలాగే ఉంటుంది" అని టీ తాగి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే అత్తగారికి ఇంకో షాకు తగిలి, చేతిలో పట్టకారు కింద పడింది. ఎర్రటి కర్రు మామగారి కాలికి జానెడు దూరంలో పడింది. ఆయనకి కోపం వచ్చింది. "భయపడే మనిషి కొలిమి దగ్గరకి రాకూడదు. రేపట్నుంచి కూలికి ఎవర్నైనా పెడతా. నువ్వు లోపల కూర్చో" అన్నారు. అత్తగారు లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి అన్నం ముద్ద ముట్టలేదు. కొలిమి అంటే ఆవిడకి అమ్మవారు. పొద్దున్నే పసుపు బొట్టు పెట్టి దణ్ణం పెట్టకుండా నిప్పు వెయ్యనిచ్చేది కాదు. అక్కణ్ణించి వెళ్ళిపొమ్మంటే, ఇంట్లోంచి పొమ్మన్నట్టే ఉంది ఆవిడకి. ఆ ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది. ఇక ఈ సంగతేదో తేల్చందే ఊరుకోకూడదనుకున్నా.

మనిషి దొరికేదాకా గాలి రేకు నా చేతికే వచ్చింది. రెండో రోజు ఒక నిప్పురవ్వ నా మడమ మీద పడి బొబ్బ లేచింది. మా ఆయన తన టైరు చెప్పులు విప్పి నా ముందు పడేశాడు. అత్తగారు గుమ్మంలోంచి చూసి, "అమ్మవారి ముందు చెప్పులేమిటే అమ్మాయ్!" అంది. మగవాళ్ళకి మాత్రం మినహాయింపు. కాలిన ఇనుము రజను కాళ్ళ మీద పడుతుంది కాబట్టి వాళ్ళు తొడుక్కోవచ్చు. నేనూ కుంటుతున్నా కదా అని ఆ పూటకి తొడుక్కున్నా.

ఆ పూటంతా ఒక్క షాకూ లేదు. చివరికి చెప్పులు విప్పేసి, తొట్టి దగ్గర తడి నేల మీద నిలబడి రేకు ముట్టుకున్నానో లేదో, ఝల్లుమంది. మళ్ళీ చెప్పులు తొడిగి ముట్టుకున్నా. ఏమీ లేదు. నాకు నవ్వాగలేదు. నాయనలారా, ధైర్యం మీ గుండెల్లో లేదు, మీ చెప్పుల్లో ఉంది!

మర్నాడు వైరుమేన్‌ని మళ్ళీ పిలిపించా. మామగారు విసుక్కుంటూనే ఊరుకున్నారు. పనికొచ్చిన రైతులు నలుగురు పంచలో కూర్చుని ఉన్నారు. అత్తగారిని చెయ్యి పట్టుకుని లోపల్నించి తీసుకొచ్చా.

"ఆ బల్బు బోర్డు దగ్గర కాదు బాబూ. ఫ్యాను తిరుగుతుండగా ఒక తీగ డబ్బాకి తగిలించు. రెండోది మా అత్తయ్య నిలబడే చోట, ఆ తడి మట్టిలో గుచ్చు," అన్నా.

అతను మామగారి వైపు చూశాడు. ఆయన కానిమ్మని తలూపారు. తడి మట్టిలో ఒక మేకు దిగేసి దానికి తీగ చుట్టాడు. రెండో తీగ డబ్బాకి ఆనించాడు.

బల్బు వెలిగింది. గుడ్డిగానే, కానీ వెలిగింది. రైతులు లేచి నిలబడ్డారు. వైరుమేన్ గబుక్కున తీగ వెనక్కి తీశాడు.

మామగారు ముందుకొచ్చారు. చెప్పులు విప్పారు. నేరుగా వెళ్ళి అత్తగారు నిలబడే చోట ఒట్టి కాళ్ళతో నిలబడ్డారు. వైరుమేన్ "వద్దండీ, వద్దు" అంటూనే ఉన్నాడు, ఆయన వేలి వెనక భాగం డబ్బాకి తగిలించారు. ఒక్క గెంతు గెంతి వెనకనున్న స్తంభానికి మోచెయ్యి కొట్టుకున్నారు.

అత్తగారు పమిట సర్దుకుని, "ఎవరి భయమండీ అది?" అంది.

ఆ మాట కోసమే నేను పుట్టానేమో అనిపించింది నాకు. రైతులు పగలబడి నవ్వారు. కాసేపటికి మామగారూ నవ్వారు.

ఫ్యాను ఆపి విప్పితే దొంగ దొరికాడు. రేకు డబ్బాలోకి తీగ వెళ్ళే కన్నం అంచు పదునుగా ఉంది. ఫ్యాను అదిరినప్పుడల్లా రాసుకుని తీగ మీది రబ్బరు తెగింది, బియ్యపు గింజంత రాగి బయటపడింది. తిరుగుతున్నప్పుడే అది డబ్బాకి తగిలేది. డబ్బా కరెంటుని నేలలోకి పంపాల్సిన ఎర్త్ కడ్డీ ఏమో, గోడవతల ఎండిన నాపరాతి నేలలో జానెడు లోతున నిలబడి ఉంది. వైరుమేన్ కొత్త తీగ వేసి, కన్నానికి సైకిల్ ట్యూబు ముక్క తొడిగాడు. కడ్డీని తొట్టి పక్కన తడి నేలలో లోతుగా దించాడు. వెళ్ళేటప్పుడు బల్బూ హోల్డరూ మాకే వదిలేసి వెళ్ళాడు. అడిగింది నేనే.

కూలికి మనిషిని పెట్టే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ మర్నాటి నుంచి మా కొలిమికి కొత్త పద్ధతి వచ్చింది. అత్తగారు అమ్మవారికి దణ్ణం పెట్టి, ఫ్యాను వేయించి, ఒక తీగ డబ్బాకీ ఒకటి తడి మట్టిలో మేకుకీ పెట్టి, బల్బు వెలగట్లేదని చూసుకునేది. మామగారు సుత్తి పట్టుకుని, "చూశావా?" అని అడిగేవారు. ఆవిడ బల్బుని ఇటు తిప్పి, అటు తిప్పి, తీగలు ఇంకోసారి ఆనించి, తీరిగ్గా తల ఎత్తి "ఇక కానివ్వండి" అనేది. ఆ మాట వచ్చేదాకా ఆ ఇంట్లో ఇనుము నిప్పులోకి వెళ్ళేది కాదు.