క్రీము కేకుల జరిమానా

మా రావెన్‌షాలో కానిస్టేబుల్ నార్మన్ హెప్‌వర్త్‌కి తెలియని గడప లేదని పేరు. ఆ పేరు ఎవరో పెట్టింది కాదు, ఆయనే చెప్పుకుని చెప్పుకుని తెచ్చుకున్నది. మా పట్టణ పోలీసు దళాన్ని జిల్లా మొత్తానికీ ఉన్న పెద్ద కౌంటీ దళంలో కలిపేసి, హెల్మెట్ల మీద బిళ్లలు పీకి కొత్తవి తగిలించిన రోజున మేమంతా గొణుక్కుంటుంటే, ఆయన మాత్రం "బిళ్ల మారితే నా వీధులు మారతాయా?" అని నవ్వేశాడు. ఏళ్ల తరబడి ఆయనతో ఒకే షిఫ్టులో పనిచేశాను. మంచివాడే. ఎటొచ్చీ నలుగురు నవ్వుతారంటే ఆయన కడుపులో ఏ మాటా దాగదు.

మాలో ఒక ఆచారం ఉండేది. హెల్మెట్ పోగొట్టుకున్నా, కారు గోడకి గుద్దినా, డ్యూటీలో ఏ తప్పు చేసినా షిఫ్టు మొత్తానికి క్రీము కేకులు తేవాలి. అందరూ తింటుంటే నిలబడి ఆ తప్పు మొదటినుంచి చివరిదాకా చెప్పాలి. నలుగురిలో చెప్పుకున్న తప్పు మళ్లీ జరగదని మా పాత చీఫ్ కానిస్టేబుల్ పెట్టిన పద్ధతి అది. తర్వాత వచ్చిన చీఫ్ కూడా మా దళంలో ఎవరూ తప్పులు దాచుకోరని విందుల్లో గొప్పలు పోయేవాడు. స్టేషన్ క్యాంటీన్‌లో కూచుని ఒక్కసారైనా విని ఉంటే తెలిసేది, మాకు తప్పుకంటే నవ్వే ముఖ్యమైపోయిందని.

ఒక నవంబరు పొద్దున రంగుల మిల్లులో బాయిలరు పేలి లెన్ సగ్డెన్ అనే పనివాడు చనిపోయాడు. ఇంటికి కబురు చెప్పమని నార్మన్‌ని పంపారు. సార్జెంటు ఇంటి నంబరు చెప్పబోతే, "సగ్డెన్ల ఇల్లు నాకు మీరు చెప్పాలా?" అంటూ బయల్దేరాడు. ఆ వీధిలో సగ్డెన్లు రెండిళ్లవాళ్లు. అన్నదమ్ముల పిల్లలు. తాత పేరు పెట్టుకుని ఇద్దరూ లెన్‌లే, ఇద్దరికీ ఆ మిల్లులోనే పని. నార్మన్ తనకి బాగా తెలిసిన లెన్ ఇంటికి వెళ్లి, హెల్మెట్ తీసి, చెప్పకూడని చోట చావు కబురు చెప్పేశాడు.

ఆ లెన్ భార్య ఐవీ కాసేపు గోడ పట్టుకుని నిలబడింది. తర్వాత కుర్చీలో కూలబడి, "దేవుడా, నీకు దండం. ఇంక అయిపోయింది" అంది. ఏడవలేదు. నార్మన్‌కి టీ కూడా పెట్టింది. ఆ టీ సగం తాగాడో లేదో, మిల్లు మూసేశారని తిట్టుకుంటూ వెనక తలుపులోంచి లెన్ లోపలికొచ్చాడు.

మర్నాడు కేకులొచ్చాయి. నార్మన్ నిలబడి చెప్పాడు. చేతిలో కప్పు జారిపడటం, అసలు ఇంటికి పరుగున పోవడం, ఇవన్నీ చెప్పినా ఎవరూ పెద్దగా నవ్వలేదు. దాంతో ఐవీ అన్న మాట కూడా బయటపెట్టాడు. ఆమెలాగే చేతులు జోడించి, కళ్లు పైకెత్తి, గొంతు మార్చి మరీ చేసి చూపించాడు. క్యాంటీన్ దద్దరిల్లింది.

"ఆ టీ అయ్యేదాకా లెన్ ఆగాల్సిందయ్యా!" అన్నాడొకడు.

"టీ ఏమిటి, ఆవిడ పెళ్లి భోజనమే పెట్టాల్సింది!" అన్నాడింకొకడు.

అందరికంటే ఎక్కువ నవ్వినవాడు డెన్నిస్. వాడు క్లబ్బులో రోజూ లెన్‌తో కలిసి బీరు తాగుతాడు. ఆ సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు.

ఇల్లు తప్పినందుకు క్షమాపణ చెప్పుకోకపోతే మనసు ఊరుకోదని, ఆదివారం నార్మన్ నన్ను తోడు తీసుకుని ఐవీ ఇంటికి వెళ్లాడు. ఆమె తలుపు ఓరగా తీసి, చొక్కా చేతులు మణికట్టు దాకా లాక్కుంది.

"ఇల్లు ఎవరైనా తప్పుతారు బాబూ, దానికేముంది. నేనన్న మాట... అది ఎవరితోనూ అనలేదు కదా? ఆయన చెవిన పడితే నన్ను బతకనివ్వడు."

నార్మన్ మొహం సున్నం కొట్టినట్టు అయింది. "లేదమ్మా, ఎవరితోనూ అనలేదు" అన్నాడు. నాకు సిగ్గుతో తల నేలకి దిగిపోయింది.

అంతలో వీధిలోంచి లెన్ వచ్చాడు, నవ్వుతూనే. "ఓహో, నా చావు కబురు మోసుకొచ్చిన పెద్దమనిషివి! డెన్నిస్ చెప్పాడయ్యా, భలే చేస్తావటగా. ఏదీ, మా ఆవిడ దండం ఎలా పెట్టిందో ఒక్కసారి నాకూ చూపించు."

"అది... నవ్వు కోసం నేను కల్పించిందండీ" అన్నాడు నార్మన్. "ఆవిడ ఏడ్చింది. నిజంగా ఏడ్చింది."

"పోలీసోడివి, క్యాంటీన్‌లో అబద్ధమాడావా, నా గుమ్మంలో ఆడుతున్నావా?"

ఐవీ మొగుడి వైపు చూడలేదు, నార్మన్ వైపే చూసింది. లెన్ ఆమెని లోపలికి నెట్టి తలుపేసి గడియ పెట్టాడు. మొగుడూ పెళ్లాల గొడవల్లో తలదూర్చొద్దని ఆ రోజుల్లో మాకు పైవాళ్ల ఆదేశం. అయినా నార్మన్ తలుపు బాదాడు. "అమ్మా, తలుపు తియ్యి! బయటికి వచ్చెయ్యి!" అని అరిచాడు. చుట్టుపక్కల కిటికీల్లో మొహాలు కనిపించాయి.

లోపలినుంచి ఐవీ గొంతు వినిపించింది.

"వెళ్లిపో బాబూ. స్టేషన్లో నువ్వు చెప్పుకోడానికి నా దగ్గర ఇంకేం మిగల్లేదు."