పెరటి షెడ్డులో కుట్టుమిషను

ఎనభైల మొదట్లో నేను బిలాస్‌పూర్ కాపురానికి వచ్చాను. వచ్చిన నెలలోనే ఒక సంగతి అర్థమైంది. మా రైల్వే క్వార్టరులో అందరికంటే పెద్దరికం మా ఆయన నిద్రది. ఆయన గూడ్సు డ్రైవరు. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. గూడ్సు డ్రైవరు డ్యూటీని కూడా అందులో కలిపెయ్యొచ్చు. రాత్రంతా బొగ్గు బండి నడిపి తెల్లవారాక వచ్చి పడుకునేవారు. లేదంటే రాత్రికి బండి ఎక్కాలి కాబట్టి పగలే పడుకునేవారు. ఎలా చూసినా మా ఇంట్లో పగలే రాత్రి. ఆయన పడుకోగానే మా అత్తగారు గేటుకు ఒక ఎర్రగుడ్డ కట్టేది. ఆ వీధిలో సగం ఇళ్ళు డ్రైవర్లవీ గార్డులవీ కాబట్టి దాని అర్థం అందరికీ తెలుసు. కూరగాయల బండివాడు సైతం అరవడం ఆపి, మా ఇల్లు దాటాక మళ్ళీ అందుకునేవాడు.

ఉన్నవి రెండు గదులు, ఒక వంటిల్లు. కుక్కరు విజిల్ వెయ్యకూడదు కనక పప్పు తపేలాలో ఉడకాల్సిందే. రేడియో ఉండేది కానీ దానికి నోరు లేదు. గాజులు మోచేతుల దాకా తోసుకుని అంట్లు తోమేదాన్ని. తరవాత పుట్టిన పిల్లలు కూడా చప్పుడు లేకుండా కొట్టుకోవడం నేర్చుకున్నారు. వాళ్ళు మూగసైగలతో తిట్టుకుంటుంటే చూసి నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. ఏది చేసినా చప్పుడు లేకుండానే చెయ్యాలి.

"ఏటమ్మా ఆ సప్పుడు? ఆడు పడుకున్నాడు, తెల్దేటి?" అనేది అత్తగారు. నా చప్పుడు కంటే ఆవిడ గుసగుసే ఎక్కువ వినిపించేది. చెడ్డ మనిషి కాదు. పోయిన మామగారు కూడా ఇదే క్వార్టరులో ఉన్న డ్రైవరే. నిద్ర చాలని డ్రైవరుకు సిగ్నల్ దగ్గర రెప్ప పడుతుందనే భయంతోనే ఆవిడ జన్మంతా గడిపింది. ఆ భయాన్ని చూసి నేను గాజులు ఇంకాస్త పైకి తోసుకునేదాన్ని. బయటికి వెళదామంటే నాకు హిందీ రాదు, వెళ్ళడానికి చోటూ లేదు. కుక్కిన పేనులా పడి ఉండేదాన్ని.

పుట్టింటివాళ్ళు నాకు కాలితో తొక్కే కుట్టుమిషను ఇచ్చారు. అది విజయనగరం నుంచి రైల్లో జాగ్రత్తగా వచ్చి, వచ్చిన రోజునే నోరు మూసుకుంది. దాని మీద దుప్పటి కప్పి, దుప్పటి మీద బియ్యం డబ్బా పెట్టారు. ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అని మా ఆయన నవ్వులాటకు అనేవారు. ఇల్లు ఇరకటమన్నది నిజమే. మర్కటానికి గెంతడానికి కొమ్మ ఎక్కడుంది?

పెరట్లో మాత్రం మామగారు కట్టిన షెడ్డు ఉండేది. ఆ ఊళ్ళో షెడ్డంటే ఇంజన్ల షెడ్డే గుర్తొస్తుంది. మాది తోట సామాను పెట్టుకునే నాలుగు గుంజల గది. పట్టాల కింద వేసే చెక్క స్లీపర్లు, వేలంలో కొన్న పాతవి, గుంజలు, వెదురు తడికెలు గోడలు, పైన రేకులు. ఒక ఎండాకాలం, అత్తగారు కునుకు తీస్తున్నప్పుడు, పక్క క్వార్టరావిడా నేనూ కలిసి మిషను మోసుకెళ్ళి అందులో పెట్టాం. పక్కావిడ రతన్‌పూర్ వైపు మనిషి, ఛత్తీస్‌గఢీ. తన భర్త కూడా డ్రైవరే కాబట్టి నేను చెప్పకుండానే ఆవిడకు అంతా అర్థమైంది. అత్తగారు లేచి చూసి, నన్ను మిషను తొక్కమని, షెడ్డు దాకా వచ్చి చెవి పెట్టి విని, మళ్ళీ ఇంట్లోకి వెళ్ళి అక్కడ చెవి పెట్టి వింది.

"లోపలికి వినబడ్డం లేదులే. కుట్టుకో" అంది.

ఆ మాటతో నాకు ఒక గది వచ్చినట్టయింది.

షెడ్డు ఉంటే సుఖమే, కానీ ఊరికే రాదు. వానాకాలం నీళ్ళు లోపలికి రాకుండా నేల మీద ఇంజన్లలో కాలి మిగిలిన బొగ్గు చిట్టెం పోసి, దిమ్మిసతో కొట్టి, పైన ఇటుకలు పరిచాను. స్లీపర్లకు చెద పట్టదు గానీ తడికెలకు పడుతుంది, ఏటా తారు పుయ్యాలి. మే నెలలో రేకు కింద కూర్చోవడమంటే పెనం మీద కూర్చోవడమే, అందుకని శీతాకాలం చివర్లోనే ఆనపగింజలు పెట్టి పాదును పైకి పాకించేదాన్ని. ఎండలు ముదిరేసరికి రేకంతా ఆకు కప్పేది. కాయ కాలిపోకుండా కింద గడ్డి పెట్టాలి. విత్తనాలు బూడిదలో కలిపి డబ్బాల్లో పోసి వాసానికి వేలాడదీస్తే ఎలకలకు అందవు. గునపం, పార, కొడవలి వాన మొదలవక ముందే నూనెగుడ్డతో తుడిచి పెట్టాలి. తలుపు తీసినప్పుడు మూలలో తేలు ఉందేమో చూడకుండా కాలు పెట్టకూడదు. ఇవన్నీ నాకెవరూ నేర్పలేదు, తప్పు చేసిన ప్రతిసారీ ఒకటి చొప్పున నేర్చుకున్నాను.

అక్కడ మొదటి రవికె పక్కావిడకే కుట్టాను. కొలతలు తీసుకుంటూ వచ్చీరాని హిందీలో ఏదో అడిగాను. ఆవిడ నా ముఖంలోకి వింతగా చూసింది.

"దీదీ, ఇత్‌నా ధీరే క్యోఁ బోల్‌తీ హో?" అంది. ఇంత నెమ్మదిగా ఎందుకు మాట్లాడతావని.

షెడ్డులో కూడా గుసగుసగానే మాట్లాడుతున్నానని అప్పుడు తెలిసింది. గొంతు పెంచడం నాకు మళ్ళీ అలవాటు కావడానికి చాలా రోజులు పట్టింది. ఆ తరవాత మాత్రం ఆపేవాళ్ళు లేరు. పాడుకున్నాను. అత్తగారిని ఆనపపాదుకు చెప్పి తిట్టుకున్నాను. ఆడవాళ్ళు పెరటి గేటులోంచి గుడ్డలు పట్టుకుని వచ్చేవాళ్ళు. వాళ్ళ దగ్గర హిందీ నేర్చుకున్నాను, నవ్వడం మళ్ళీ నేర్చుకున్నాను. తలుపు బందుకు తుప్పు పట్టి, ఎవరు తోసినా కీచుమనేది. ఆ కీచే నాకు కాపలా. అత్తగారు అడుగు పెట్టేలోపు మా నోళ్ళు మూతపడి మిషను మొదలయ్యేది. ఆ ఇంట్లో పదేళ్ళకు పైగా నేను పిచ్చిదాన్ని కాకుండా ఉన్నానంటే ఆ షెడ్డు వల్లే.

తొంభైలు వచ్చాక ఆయన్ని కళ్ళ పరీక్ష దెబ్బతీసింది. డ్రైవర్లకు అది ఎప్పటికప్పుడు జరిగేదే. ఆసారి దూరపు అక్షరాలు ఆనలేదు. అద్దాలు పెట్టినా సరిపోలేదు. ఇక బండి నడపకూడదని, ఆఫీసులో పగటి డ్యూటీ వేశారు. ఆయన డ్యూటీకి తీసుకెళ్ళే రేకుపెట్టెను ఇంటికి తెచ్చి గుమ్మంలో పెట్టారు.

"దీన్ని తీసికెళ్ళి షెడ్డులో పెట్టీయ్" అన్నారు, అంతే.

ఆ పెట్టెను తుడిచి షెడ్డులో పెట్టాను, ఆయన్ని చూస్తే జాలేసింది. అయినా మర్నాడు కుక్కరు పెట్టి విజిల్ రానిచ్చాను. ఎంత హాయిగా వినిపించిందో చెప్పలేను. అత్తగారు ఉలిక్కిపడి వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి, కొడుకు ఆఫీసుకు వెళ్ళాడని గుర్తొచ్చి, అక్కడే పీట మీద కూర్చుండిపోయింది. ఇక ఇల్లంతా నాదే, షెడ్డు ఎలాగూ నాదే అనుకున్నాను.

కానీ ఆయనకు రాత్రి నిద్ర పట్టడం మానేసింది. అటూ ఇటూ దొర్లి, లేచి నీళ్ళు తాగి, మళ్ళీ దొర్లేవారు. పొద్దున ఎర్రబడ్డ కళ్ళతో ఆఫీసుకు వెళ్ళేవారు. సాయంత్రం వచ్చాక ఏం చెయ్యాలో తోచక షెడ్డులోకి రావడం మొదలుపెట్టారు. ముందు పనిముట్లన్నిటికీ మేకులు కొట్టి వరసగా తగిలించారు. తరవాత తలుపు బందుకు గ్రీజు పూశారు. అది ఇక కీచుమనలేదు. మంచిపని చేసినవాడిలా నా వైపు చూస్తే బాగుందండీ అన్నాను. ఆ తరవాత ఒక సాయంత్రం నేను కుడుతుండగా ఎరువు బస్తాల మీద ఒరిగి, చిన్నపిల్లాడిలా నిద్రపోయారు. మర్నాడు మడతమంచం తెచ్చి వేసుకున్నారు.

ఇంటిపనులు తెమిలి ఆడవాళ్ళు వచ్చేది కూడా సాయంత్రాలే. మగమనిషి పడుకుని ఉంటే ఏ ఆడది రవికె కొలతలు ఇస్తుంది? ఒకరిద్దరు తలుపు దాకా వచ్చి చూసి వెళ్ళిపోయారు. మిగతావాళ్ళను అత్తగారే పెరటి గేటు దగ్గర ఆపి పంపేసేది. కొడుకు కంటి మీద కునుకు పడిందన్న ఆనందంలో నాకు టీ కూడా తెచ్చి ఇచ్చేది. ఆవిడ చేతి టీ నాకు అన్నేళ్ళలో అదే మొదలు.

ఒకరోజు అడిగేశాను. "ఏటండీ, ఆడవాళ్ళు వస్తారు కదా. కాస్త ఇంట్లో పడుకోకూడదా?"

"నానేటి సూస్తానా? గోడకేసి తిరిగి పడుకుంటాను."

"మీరు చూడకపోయినా వాళ్ళు సిగ్గుపడతారు."

ఆయన మంచం మీద లేచి కూర్చున్నారు. తరవాత నెమ్మదిగా చెప్పారు. "ఇంట్లో ఏటీ వినబడదే. ఏటీ వినబడకపోతే నాకు నిద్ర రావట్లేదు. నీ మిషను ఆడుతుంటే, బండి ఇంకెవలో నడుపుతున్నట్టు, నాను ఊరికే కూకున్నట్టు ఉంటాది. అలాగ ఎప్పుడూ కూకోలేదు కదా."

లోపల ఒళ్ళు మండిపోతోంది. ఆ మనిషి నిద్ర కోసం పదేళ్ళు నోరు కట్టుకున్నాను, ఇప్పుడు ఆ నిద్ర నా షెడ్డులోకే వచ్చి మంచం వేసుకుంది. కానీ పరీక్షలో తప్పి వచ్చిన రోజు కూడా ఆయన నాతో అన్ని మాటలు మాట్లాడలేదు.

మిషను ఆపితే ఆయనకు మెలకువ వచ్చేది. గుడ్డ తిప్పుకోవడానికి ఆగినా, కళ్ళు తెరవకుండానే "ఆపీసినావేటి?" అనేవారు. నేను మళ్ళీ తొక్కేదాన్ని.

కుట్టడానికి వచ్చే గుడ్డలు తగ్గిపోయి, ఒక సాయంత్రం చివరి లంగా కూడా అయిపోయింది. ఇంకా వెలుతురుంది. తలుపులోంచి చూస్తే చిక్కుడుకాయలు కోతకొచ్చి వేలాడుతున్నాయి. కంచె అవతల పక్కావిడ కొత్త రవికె గుడ్డ ఎత్తి చూపించి రమ్మంటావా అని సైగ చేసింది. వద్దని తల ఊపాను. ఆవిడ కాసేపు నిలబడి, తెలిపారా బజారులో టైలరున్నాడులే అన్నట్టు చెయ్యి ఊపి వెళ్ళిపోయింది. కోపం ఒక్కటే ఉంటే అప్పుడే లేచి వెళ్ళిపోయేదాన్ని. నాకు ఆయన మీద జాలి కూడా ఉంది, అందుకే లేవలేకపోయాను.

సూదిలోంచి దారం తీసేసి, కింద గుడ్డేమీ లేకుండానే తొక్కడం మొదలుపెట్టాను. ఈ ఒక్క సాయంత్రానికేలే అనుకున్నాను. ఆయన రిటైరై, మేం ఆ క్వార్టరు ఖాళీ చేసే దాకా నా సాయంత్రాలన్నీ అలాగే గడిచాయి.